వెండర్ 'ఓఎస్ అప్‌డేట్ చేశాం' అంటున్నాడు, ప్రోగ్రామ్‌లో మాత్రం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్, సర్టిఫికెట్ల పని చూసే లైబ్రరీ) 1.1.1హెచ్. సీవీఈ-2021-3450 అనే భద్రతా లోపం పోయినట్టేనా?

హార్బర్_గేట్‌వే:
విశాఖ ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల రొయ్యల కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత పంపే గేట్‌వే బాక్సులు మేం చూసుకుంటాం. ఉబుంటు 20.04 మీద నడుస్తాయి. వెండర్ ప్రోగ్రామ్ చేసే పనులు రెండు. రీడింగులు టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షన్) మీద మధురవాడ సర్వర్‌కి పంపుతుంది. కొత్త ఫర్మ్‌వేర్ వస్తే, సంతకం చేసిన సర్టిఫికెట్‌ని సరిచూసుకుని ఎక్కించుకుంటుంది. ప్రతి బాక్సుకీ సొంత సర్టిఫికెట్, ప్రైవేట్ కీ ఉన్నాయి. అవీ, ఫర్మ్‌వేర్ సర్టిఫికెటూ ఒకే ప్రైవేట్ రూట్ (అన్నిటికీ మూలమైన సొంత సర్టిఫికెట్) ఇచ్చినవే.

ఓఎస్ ప్యాకేజీలన్నీ తాజావే అంటున్నారు. కానీ ప్రోగ్రామ్ ఫైల్ మీద స్ట్రింగ్స్ కమాండ్ కొడితే 1.1.1హెచ్ అని వస్తోంది. దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకోవాలి?

మధురవాడ_లైనక్స్:
ఓఎస్ సంగతి పక్కన పెట్టండి. ఉబుంటు 20.04 ఇచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1ఎఫ్ మీద ఆధారపడింది, ఈ లోపం 1.1.1హెచ్‌లో కొత్తగా వచ్చింది. అంటే ఓఎస్‌కి మొదటినుంచీ ఈ జబ్బు లేదు, మీ ప్రోగ్రామ్‌కి ఉంది. ఎల్‌డీడీ (ప్రోగ్రామ్ వాడే బయటి లైబ్రరీలు చూపే కమాండ్) కొట్టి చూడండి. జాబితాలో లిబ్‌క్రిప్టో (ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ ఫైల్) కనబడకపోతే లైబ్రరీని స్టాటిక్‌గా లోపలే కలిపేశారన్నమాట. అలాంటప్పుడు ఓఎస్‌ని ఎన్నిసార్లు అప్‌గ్రేడ్ చేసినా దానికి అంటదు.

లోపం ఏంటంటే, చైన్‌లో (రూట్ దాకా ఒకదానికొకటి సంతకం పెట్టిన సర్టిఫికెట్ల వరుసలో) ప్రతి సర్టిఫికెట్‌నీ పరీక్షించే ఫంక్షన్‌లో ముందు 'ఇది వేరే సర్టిఫికెట్లు ఇవ్వగల సీఏనా' అని చూసి, జవాబుని రెట్ అనే వేరియబుల్‌లో పెడతారు. కాకపోతే సున్నా. 1.1.1హెచ్‌లో దాని కిందే ఇంకో పరీక్ష చేర్చారు: స్ట్రిక్ట్ ఫ్లాగ్ (కఠినంగా పరీక్షించమనే సెట్టింగ్) ఉంటే, ఎలిప్టిక్ కర్వ్ పారామీటర్లను విడిగా రాసిన కీలను తిరస్కరించాలని. ఆ జవాబునీ అదే రెట్‌లో రాశారు. ఆర్‌ఎస్‌ఏ కీ అయితే ఆ పరీక్ష ఎప్పుడూ 1 ఇస్తుంది. దాంతో పైన వచ్చిన సున్నా చెరిగిపోయి, సీఏ కాని సర్టిఫికెట్ కూడా సీఏగా చెల్లిపోతుంది. భద్రత పెంచడానికి పెట్టిన ఫ్లాగే తలుపు తీసిందన్నమాట. 2021 మార్చి 25న వచ్చిన 1.1.1కే లో 'రెట్ సున్నా కంటే ఎక్కువైతేనే రెండో పరీక్ష' అని షరతు పెట్టి సరిచేశారు.

అయితే వర్షన్ ఒక్కటే చూసి భయపడొద్దు. స్ట్రిక్ట్ ఫ్లాగ్ పెట్టి ఉండాలి, పర్పస్ (సర్టిఫికెట్‌ని ఏ పనికి సరిచూడాలో చెప్పే సెట్టింగ్) సెట్ చేయకుండా ఉండాలి. పర్పస్ ఉంటే సీఏ పరీక్ష ఇంకోసారి జరుగుతుంది. టీఎల్‌ఎస్‌లో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో టీఎల్‌ఎస్ పని చూసే భాగం) దాన్ని తనే పెడుతుంది కాబట్టి, వెండర్ మార్చి ఉండకపోతే మీ రీడింగుల దారి క్షేమమే. నా అనుమానమంతా ఫర్మ్‌వేర్ దారి మీద. అక్కడ సర్టిఫికెట్‌ని సరిచూసే ఎక్స్509_వెరిఫై_సర్ట్ ఫంక్షన్‌ని నేరుగా పిలిచి ఉంటారు, పర్పస్ పెట్టి ఉండరు. అదే నిజమైతే, ఒక్క బాక్సులోని కీ బయటికి పోయినా చాలు. దాంతో నకిలీ ఫర్మ్‌వేర్ సర్టిఫికెట్ చేసి అన్ని బాక్సుల్లోకీ దూరొచ్చు.

చైన్_చెకింగ్:
పై వివరణ సరైనదే. ఊహతో ఆగకుండా పరీక్షించి చూడండి. స్పేర్ బాక్సు ఒకటి బల్ల మీద పెట్టుకుని, దాని సర్టిఫికెట్, కీతో కొత్త సర్టిఫికెట్ ఒకటి సంతకం చేయండి. అసలు ఫర్మ్‌వేర్ సర్టిఫికెట్‌లోని పేరు, ఎక్స్‌టెండెడ్ కీ యూసేజ్ (సర్టిఫికెట్ ఏ పనికో చెప్పే భాగం) అందులో ఉన్నవి ఉన్నట్టు దించండి. దాంతో ఇప్పుడున్న ఫర్మ్‌వేర్‌కే సంతకం పెట్టి, బాక్సు సర్టిఫికెట్‌ని మధ్య లింకుగా జతచేసి పంపండి. ఎక్కించుకుందంటే లోపం మీ ప్రోగ్రామ్‌లో ఉన్నట్టే.

లైబ్రరీని విడిగా చూడాలంటే 1.1.1హెచ్ సోర్స్ బిల్డ్ చేసి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెరిఫై కమాండ్‌కి ఎక్స్509 స్ట్రిక్ట్ ఆప్షన్ ఇచ్చి, అదే చైన్ పెట్టండి. పర్పస్ ఆప్షన్ ఇవ్వకండి. పాత వర్షన్ 'ఓకే' అంటుంది. 1.1.1కే అయితే డెప్త్ 1 దగ్గర ఎర్రర్ 24, 'ఇన్‌వాలిడ్ సీఏ సర్టిఫికెట్' అంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మధ్యలో పెట్టే సర్టిఫికెట్‌లో కీ యూసేజ్ (ఆ కీతో ఏమేం చేయొచ్చో చెప్పే భాగం) ఉండి, అందులో సర్టిఫికెట్ సైన్ (వేరే సర్టిఫికెట్లకి సంతకం పెట్టే అనుమతి) లేకపోతే చైన్ కట్టే దశలోనే ఆగిపోయి ఎర్రర్ 20 వస్తుంది. అది చూసి లోపం లేదనుకోకండి, అసలు పరీక్ష దాకా వెళ్లనే లేదు. లైబ్రరీ పరీక్షకి బేసిక్ కన్‌స్ట్రెయింట్స్‌లో (సీఏ అవునో కాదో చెప్పే భాగంలో) సీఏ ఫాల్స్ మాత్రమే ఉంచి, కీ యూసేజ్ లేని సర్టిఫికెట్ వాడండి.

హార్బర్_గేట్‌వే:
ఇద్దరికీ థ్యాంక్సండీ. మా బాక్సుల సర్టిఫికెట్లలో కీ యూసేజ్ లేదు. స్పేర్ బాక్సు నకిలీ సంతకాన్ని మారు మాట లేకుండా ఎక్కించేసుకుంది. వెండర్‌కి లాగ్‌తో సహా పంపాను. నేరుగా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.x కి మారుస్తామంటున్నారు, దానికి టైమ్ పడుతుందట. ఈలోపు ఏం చేయమనాలి?

మధురవాడ_లైనక్స్:
ఈలోపు 1.1.1డబ్ల్యూ తో మళ్లీ లింక్ చేసి ఇమ్మనండి. ఆ వరుసలో బయటికొచ్చిన ఆఖరి రిలీజ్ అదే, 2023 సెప్టెంబర్ 11న మామూలు సపోర్ట్ ఆగింది. కోడ్ మార్చనక్కర్లేదు కాబట్టి 'టైమ్ పడుతుంది' అనడానికి లేదు. అదీ కుదరదంటే ఫర్మ్‌వేర్ దారిలో స్ట్రిక్ట్ ఫ్లాగ్ తీసేయమనండి. హెచ్, ఐ, జే వర్షన్లలో ఫ్లాగ్ లేకపోతేనే సీఏ పరీక్ష సరిగ్గా పనిచేస్తుంది. ఆ కోడ్ తెరిచినప్పుడే రిటర్న్ విలువనీ చూడమనండి. వెరిఫై ఫంక్షన్ 1 ఇస్తేనే ఒప్పుకోవాలి. నెగటివ్ విలువ కూడా రావొచ్చు, సున్నా కాకపోతే చాలని రాసిన చోట అదీ 'సరే' అయిపోతుంది. 2014లో గ్నూటీఎల్‌ఎస్ అనే ఇంకో టీఎల్‌ఎస్ లైబ్రరీలో బయటపడ్డ సీవీఈ-2014-0092 సరిగ్గా ఇలాంటి గందరగోళమే.

చైన్_చెకింగ్:
3.x కి వెళ్లేముందు మీ రూట్ సర్టిఫికెట్ తెరిచి చూడండి. అక్కడ స్ట్రిక్ట్ చాలా కఠినం. సీఏలో బేసిక్ కన్‌స్ట్రెయింట్స్‌కి క్రిటికల్ గుర్తు లేకపోయినా, కీ యూసేజ్ లేకపోయినా, సబ్జెక్ట్ కీ ఐడెంటిఫయర్ (దాని సొంత కీ గుర్తింపు) లేకపోయినా తిప్పికొడుతుంది. కింది సర్టిఫికెట్లలో అథారిటీ కీ ఐడెంటిఫయర్ (సంతకం పెట్టిన సీఏ కీ గుర్తింపు) కూడా ఉండాలి. పైథాన్ 3.13 స్ట్రిక్ట్‌ని డిఫాల్ట్ చేశాక ఎన్నో ప్రైవేట్ రూట్లు ఇక్కడే బోల్తా కొట్టాయి.

అందుకని వరుస తప్పొద్దు. 1.1.1డబ్ల్యూ తో వచ్చే ఫర్మ్‌వేర్‌ని పాత రూట్ కిందే సంతకం చేసి, అందులో పాత రూట్, కొత్త రూట్ రెండూ పెట్టించండి. అన్ని బాక్సులూ అది ఎక్కించుకున్నాయని తేలాకే, కొత్త రూట్ సంతకంతో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.5 ఉన్న వర్షన్ పంపండి. 3.5 ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే రిలీజ్), 2030 ఏప్రిల్ దాకా సపోర్ట్ ఉంది. ముందే తొందరపడి పంపితే పాత రూట్ మాత్రమే తెలిసిన బాక్సులు దాన్ని తీసుకోవు, ఒక్కో కోల్డ్ స్టోరేజీకీ మనిషి వెళ్లి చేత్తో ఎక్కించాల్సి వస్తుంది. ఈసారి ఫర్మ్‌వేర్ సంతకానికి వేరే రూట్, బాక్సులకి వేరే రూట్ పెట్టించండి.