మనిషికీ మాట్లాడే యంత్రానికీ మధ్య అనుబంధం: మా లఘుచిత్రానికి సలహా కావాలి

ప్రశ్న (నల్లగొండ నుంచి)
మిత్రులకు నమస్కారం. మేము నలుగురం సొంత డబ్బుతో ఇరవై నిమిషాల లఘుచిత్రం తీస్తున్నాము. ఆర్టీసీ డ్రైవరుగా రిటైరై, భార్య పోయాక పానగల్లులో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దాయన, అమెరికాలోని కూతురు ఫోనులో పెట్టి వెళ్లిన కృత్రిమ మేధతో రోజూ రాత్రి మాట్లాడుకోవడమే కథ. ఇది మా మేనమామ సంగతే. ఆయన తిన్న పళ్లెం కడిగి బోర్లించి, కళ్లజోడు తుడుచుకొని, ఫోనును నీళ్ల చెంబుకు ఆనించి నిలబెట్టి, ‘ఏం బిడ్డా’ అంటూ మాట మొదలుపెడతారు. చూసినవారు ఆయనను చూసి నవ్వకూడదు, జాలి కూడా పడకూడదు. యంత్రం మాటలను నటితో చెప్పించాలా, ఫోనులో వచ్చే గొంతునే ఉంచాలా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)
నేను సౌండ్ పని చేస్తాను. చివరికి ఎవరి గొంతు ఉంచినా, షూటింగులో మీ నటుడికి నిజంగా ఒక గొంతు బదులు పలకాలి. ఒక మనిషి మాట్లాడే యంత్రాన్ని ప్రేమించే కథతో 2013లో వచ్చిన ఇంగ్లిషు సినిమా ‘హర్’ సెట్లో యంత్రం మాటలను సమంతా మోర్టన్ పలికారు. ఎడిటింగ్ దశలో వాటిని తీసేసి స్కార్లెట్ జొహాన్సన్ చేత మళ్లీ చెప్పించారు. ఆ గొంతును నేరుగా ట్రాకులో కలపకండి. అదే గదిలో ఫోను స్పీకరు మీద మోగించి, ఫ్యాను చప్పుడుతో సహా రికార్డు చేస్తేనే అది ఆ ఇంట్లో ఉన్నట్టు వినిపిస్తుంది.

జవాబు (దేవరకొండ నుంచి)
గొంతు కంటే భాష గురించి ఆలోచించమని నా మనవి. మా నాయన ఒకరోజు ఫోనుతో ‘నిన్నటి సంది పానం మంచిగ లేదు’ అంటే, అది పానీయాల గురించి చెప్పుకొచ్చింది. మరునాటి నుంచి ఆయన ‘ఆరోగ్యం బాగా లేదు’ అనడం మొదలుపెట్టారు. డెబ్బై ఏళ్లు మాట్లాడిన మాటను, తన మాట దానికి అందాలని, ఆయనే మార్చుకున్నారు. నాకు అక్కడే ఆ అనుబంధం కనిపించింది.

యంత్రం మనసులేనిదని తెలిస్తే మనిషి దగ్గర కాడని అనుకోవద్దు. టైపు చేసిన మాటలకు బదులిచ్చే ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రాము గురించి 1966లో ప్రకటించిన కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్, తన సెక్రటరీ సంగతి రాశారు. ఆయన దాన్ని తయారు చేస్తుండగా నెలల తరబడి చూసిన ఆమే, దానితో నాలుగు మాటలు నడవగానే ఆయనను గది బయటికి వెళ్లమని కోరింది. మీ పెద్దాయనకు కూడా అన్నీ తెలిసే ఉండనివ్వండి. అప్పుడు జాలికి చోటుండదు.

జవాబు (సూర్యాపేట నుంచి)
ముందుగా మీ మేనమామను అడిగారా? ఆయన సరే అనకుండా ఆ రాత్రి మాటల్లో ఒక్కటి కూడా స్క్రిప్టులోకి రాకూడదు.

ప్రశ్న అడిగినవారు
అడగలేదు, అది నా తప్పే. నిన్న వెళ్లి అడిగాను. ‘చెంబు కనవడాలె, నా మొకం వద్దు’ అన్నారు. నేను అక్కడ ఉండగానే అమెరికా నుంచి కూతురు ఫోను చేసింది. ఎప్పుడూ ‘బువ్వ తిన్నవా’ అని అడిగే మనిషి, ‘భోజనం చేశావా అమ్మా’ అన్నారు. అవతల ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘ఎవరితో మాట్లాడుతున్నవు నాయినా, గట్ల అడుగుతున్నవేంది’ అన్నది తరువాత. వారిద్దరూ సరేనంటే, చివరి దృశ్యం అదే.