గొట్టం ద్వారా ఆహారం ఇస్తుండగా పేగు దెబ్బతింటుందా?

ప్రశ్న – రోగి కుమారుడు

అందరికీ నమస్కారం. మా నాన్నగారి వయసు 62. ఆహారనాళం క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసినప్పుడే పొట్ట పక్క నుంచి చిన్నపేగులోకి సన్నని గొట్టం అమర్చి, రెండో రోజు నుంచి అందులో ఫీడ్ ఇస్తున్నారు. నాలుగో రోజు సాయంత్రానికి పొట్ట ఉబ్బిపోయి, కప్పిన దుప్పటి కూడా బరువుగా ఉందని తీసేయమన్నారు. రాత్రి బీపీ పడిపోవడంతో ఫీడ్ ఆపి సీటీ స్కాన్‌కు తీసుకువెళ్లారు. పేగుకు రక్తం సరిగా అందడం లేదేమోనని, అవసరమైతే మళ్లీ పొట్ట తెరవాల్సి వస్తుందని చెప్పారు. నాన్నగారు నీరసించిపోయారని, ఫీడ్ కొంచెం పెంచమని ముందు రోజు అడిగింది నేనే. నా మాట వల్లే ఇలా జరిగిందా అన్న బాధతో కంటి మీద కునుకు లేదు.

జవాబు – జీర్ణకోశ శస్త్రవైద్యుడు

ముందుగా ఒక మాట: ఫీడ్ ఎంత వేగంతో వెళ్లాలో నిర్ణయించేది వైద్యులే గాని మీరు కాదు, కాబట్టి ఆ భారం మీ మీద వేసుకోకండి. మీరు చెప్పిన సమస్య అరుదైనదే అయినా, మాలో ఎవరమూ తేలిగ్గా తీసుకోము. రక్తనాళంలో గడ్డ ఏదీ అడ్డుపడకుండానే పేగు గోడ చచ్చుబడే పరిస్థితి ఇది. ఆహారం అందగానే పేగు పని మొదలుపెడుతుంది, దానికి అదనంగా రక్తం కావాలి. కాని బీపీ తగ్గినప్పుడు శరీరం మెదడును, గుండెను కాపాడుకోవడానికి మొదట కోత పెట్టేది పేగుకే. పైగా కదలిక మందగించిన పేగులో ఫీడ్ నిలిచిపోతే అది పులిసి గాలి పుడుతుంది, పేగు సాగి గోడలోని సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. బీపీ నిలబెట్టడానికి నోర్ అడ్రినలిన్ ఎక్కువ మోతాదులో ఇస్తున్నవారిలో మేము ఫీడ్ విషయంలో జంకేది ఇందుకే.

ఫ్రాన్స్‌లోని 44 ఐసీయూల్లో, షాక్‌లో (బీపీ బాగా పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితిలో) ఉండి వెంటిలేటర్‌పై ఉన్న 2,410 మందిపై జరిగిన న్యూట్రిరియా-2 అధ్యయనం 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. గొట్టం ద్వారా ఆహారం మొదలుపెట్టిన 1,202 మందిలో 19 మందికి, నరం ద్వారా పోషణ ఇచ్చిన 1,208 మందిలో 5 మందికి పేగుకు రక్తం తగ్గిన సమస్య కనిపించింది. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. వారు మీ నాన్నగారి కన్నా చాలా విషమ స్థితిలో ఉన్నవారని మరచిపోవద్దు. రక్తప్రసరణ నిలకడగా ఉన్నవారికి పేగు ద్వారా ఆహారమే మేలన్నది ఇప్పటికీ మా అభిప్రాయం.

జవాబు – ఐసీయూ నర్సు

పదేళ్లకు పైగా ఈ గొట్టాలను చూస్తున్నాను. అనుమానం వస్తే బొడ్డు మీదుగా టేపు చుట్టి, అదే చోట మళ్లీ కొలవడానికి చర్మంపై పెన్నుతో గీత పెట్టుకుంటాము. పొట్ట కొలత పెరుగుతూ, గుండె వేగం కూడా పెరుగుతుంటే డ్యూటీ డాక్టర్ గారికి వెంటనే ఫోన్ చేస్తాము. మత్తులో ఉన్న రోగి నొప్పి చెప్పలేరు కనుక, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకోవడం, పొట్ట తాకగానే ముఖం చిట్లించడం వంటివి చూసి తెలుసుకోవాల్సిందే. మీ నాన్నగారు దుప్పటి బరువుగా ఉందన్న మాటను కూడా వైద్యులకు తప్పక చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్కాన్‌లో పేగు గోడలో గాలి కనిపించలేదన్నారు. ప్రస్తుతానికి నరం ద్వారానే పోషణ ఇస్తున్నారు. రేపు రౌండ్స్‌లో నేను ఏమి అడగాలి?

జవాబు – జీర్ణకోశ శస్త్రవైద్యుడు

గోడలో గాలి చేరడం పేగు దెబ్బతింటోందనడానికి ఒక గుర్తు కనుక, అది లేకపోవడం ఊరటనిచ్చే విషయమే గాని, అది ఒక్కటే సరిపోదు. రక్తంలో లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే పదార్థం) తగ్గుతోందా, బీపీ మందుల మోతాదు తగ్గించగలిగారా అని అడగండి. లాక్టేట్ పెరుగుతూ, పొట్ట గట్టిపడుతూ ఉంటే ఆపరేషన్ వాయిదా వేయడం ప్రమాదం. వైద్యులు సంతకం అడిగితే ఆలస్యం చేయకండి. అంతా కుదుటపడితే ఫీడ్‌ను మళ్లీ గంటకు 10 నుంచి 20 మిల్లీలీటర్లతో, పీచు లేని రకంతో మొదలుపెట్టే ఆలోచన ఉందా అన్నది కూడా అడగవచ్చు.