మే నెలలో ఓపెన్ గ్రౌండ్ స్టేజీకి ఏ రూఫ్ వేయించాలి?

ఉప్పల్‌కుర్రాడు:
అన్నలూ, మే రెండో వారంలో ఉప్పల్ దగ్గర ఓపెన్ గ్రౌండ్‌లో మా కాలనీ పిల్లల డాన్స్ ప్రోగ్రాం ఉంది, స్టేజీ 40 బై 30 అడుగులు. డెకరేషన్ వాళ్లేమో ఇనప పైపులతో ఫ్లాట్ షెడ్ కట్టి పైన బరకం కప్పేస్తాం చాలంటున్నారు, లైటింగ్ వాళ్లు అల్యూమినియం ట్రస్ (గొట్టాలను త్రికోణాలుగా అతికించిన ఫ్రేము) రూఫే తీసుకోండి అంటున్నారు, దాని రేటు బాగా ఎక్కువ. వెనకాల 40 బై 20 ఫ్లెక్స్ కూడా ఉంటది. ఏది మంచిది?

రిగ్గింగ్‌అన్న:
తమ్మీ, ఫ్లాట్ మాత్రం వద్దు. వాన పడితే బరకం మధ్యలో నీళ్లు ఆగుతయ్, చదరపు మీటరు మీద 10 సెంటీమీటర్లు నిలిస్తే 100 కిలోలు, ఆ బరువుకి బరకం ఇంకా సాగుతది ఇంకా నీళ్లు చేరతయ్. వెనక్కి వాలు ఉండాల్సిందే.

కానీ నాకు అసలు భయం ఆ ఫ్లెక్స్ గురించే. మే సాయంత్రం గాలిదుమారం ఎట్లొస్తదో మనందరికీ తెలుసు, గంటకి 72 కిలోమీటర్ల గాలి కొడితే అంత ఫ్లెక్స్ మీద దగ్గరదగ్గర 1800 కిలోల తోపుడు పడుతది, గాలి స్పీడు రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. 2011లో అమెరికాలో ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో స్టేజీ రూఫ్ గాలికి కూలి ఏడుగురు చనిపోయిన్రు, అక్కడ గై వైర్లు (రూఫ్‌ని నేలకి లాగిపట్టే తీగలు) కట్టిన కాంక్రీట్ దిమ్మెలే జరిగిపోయినయ్. అందుకే ట్రస్సా పైపులా అని కాదు, రూఫ్ కాళ్ల దగ్గర బరువు ఎంత పెడతరో ముందు అడుగు. నీళ్ల డ్రమ్ము 200 కిలోలే, పొడవు, వెడల్పు, ఎత్తు మీటరు చొప్పున ఉన్న కాంక్రీట్ దిమ్మె అయితే 2400.

ఉప్పల్‌కుర్రాడు:
ఫ్లెక్స్ తీసేస్తే పైపుల షెడ్ సరిపోతదా అన్నా?

రిగ్గింగ్‌అన్న:
ఇంజనీర్ లెక్క చూసి సంతకం పెడితేనే. నేనైతే ట్రస్ గ్రౌండ్ సపోర్టే (నేల మీద నిలబెట్టిన ట్రస్ స్తంభాలు మోసే రూఫ్) అంటా, రూఫ్‌ని కింద బిగించి చైన్ హాయిస్ట్‌తో (గొలుసుతో బరువులెత్తే మెషీన్) లేపుతరు, ముందే వార్నింగ్ వస్తే పిల్లల్ని దూరం పంపి మళ్లీ దించుకోవచ్చు. డబ్బులు చాలకపోతే రూఫ్ లేకుండానే చేయండి, ఫ్లెక్స్ బదులు గాలి పోయే మెష్ బట్ట కట్టండి.

కూకట్‌పల్లిఅక్క:
బాబూ, అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. ట్రస్ అంతా లోహమే కదా, జనరేటర్‌తో పాటు దానికీ ఎర్తింగ్ చేయించు. ఆ రోజు మధ్యాహ్నం నుంచీ బేగంపేట వాతావరణ కేంద్రం హెచ్చరికలు చూసేదానికి ఒక మనిషిని పెట్టు, ప్రోగ్రాం ఆపే అధికారం కూడా ఆ మనిషికే ఇయ్యి, చీఫ్ గెస్ట్ మాట్లాడుతున్నా సరే.