గతమంతా చెరిగిపోతే దేనితో మొదలుపెట్టాలి?

ఉన్నట్టుండి జ్ఞాపకాలన్నీ పోతే గతాన్ని మళ్లీ ఎలా కూర్చుకోవాలా అని ఈమధ్య తెగ ఆలోచిస్తున్నాను. బ్రిటిష్ సంగీతకారుడు క్లైవ్ వేరింగ్‌కి 1985లో మెదడువాపు వచ్చి గతం దాదాపు మొత్తం పోయింది. కానీ పియానో వాయించడం పోలేదు, భార్య మీద ప్రేమా పోలేదు. అలా చేతి అలవాటూ ప్రేమా మిగిలాయని చదివాక, గతాన్ని కూర్చుకోవడానికి ఫొటోలు చాలన్న నమ్మకం తగ్గింది. పెళ్లి ఆల్బమ్‌లో అందరూ నవ్వుతూనే ఉంటారు, ఎవరికి ఎవరితో మాటల్లేవో అందులో కనబడదు కదా. అందుకే అమ్మ గొంతు రికార్డు చేస్తున్నాను, గోంగూర పచ్చడికి ఎండుమిర్చి వేయిస్తూ చెప్పే కబుర్లతో సహా.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందా? వాళ్లకి ముందుగా ఏది పనికొచ్చింది? పాటా, వాసనా, సొంతూరికి తీసుకెళ్లడమా? మీరు చెప్పిన సంగతుల్ని తమవేనని నమ్మగలిగారా? దయచేసి చెప్పండి.