తినగ తినగ వేము: ‘తియ్యనుండు’నా, ‘తియ్యగుండు’నా?

(నలుగురి మాటామంతీ ఇది. ఎవరి మాట ముందు వారి ఊరి పేరు ఉంది.)

బరంపురం: మనస్తత్వశాస్త్రంలో అలవాట్ల పాఠం చెబుతుంటే వేమన పద్యం నోటికొచ్చింది. రెండో పాదం చివర నేను ‘తియ్యనుండు’ అన్నాను, వెనక బెంచీ నుంచి ‘తియ్యగుండు’ అని వినబడింది. ఏ పాఠం సరైనది?

పర్లాకిమిడి: తియ్య/నుండు, తియ్య/గుండు, రెండు విధాలా హగణాలే (గురువు తర్వాత లఘువు). ‘తియ్యగనుండు’ అని సాగదీస్తేనే ఆటవెలది కుంటుతుంది. ఛందస్సు తేల్చదు కాబట్టి వాడుకను అడగాలి. ఆ మాటకొస్తే మా ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగువారు సవరలు పలికిందే ప్రమాణంగా తీసుకుని సవర భాషకు వ్యాకరణం రాశారు. అంతటి ఓపిక మళ్లీ చూడలేదు.

రాయగడ: అక్షరం సంగతి సరే, తియ్యనయ్యేది వేమా, నాలుకా? మనిషి లోపలి రుచిని శాస్త్రం పట్టుకోలేదు, కనబడే ప్రవర్తననే చూడాలి అని 1913లో మనస్తత్వవేత్త వాట్సన్ పట్టుబట్టాడు. మా పక్కింట్లో లేత వేపాకు, వంకాయ ముక్కలు నూనెలో కరకరలాడేలా వేయించి ‘నిమొ బైగొణొ’ చేస్తారు. చేదు చేదుగానే ఉందంటూ మారు వడ్డించుకుంటారు. ‘తియ్యన’ అంటే రుచి కాదు, ఇష్టం.

బరంపురం: నాకు మూడో పాదమే ముఖ్యం. ‘సాధనమున పనులు సమకూరు ధరలోన.’ థారన్‌డైక్ అనే మనస్తత్వవేత్త కూడా మొదట ఇదే అన్నాడు, చేసేకొద్దీ పట్టుబడుతుందని. తర్వాత కళ్లకు గంతలు కట్టి ఒకే పొడవు గీతలు మళ్లీ మళ్లీ గీయించాడు. సరిగా వచ్చిందో లేదో చెప్పలేదు. ఎంత గీసినా చెయ్యి కుదరలేదు. 1930 ప్రాంతంలో తన నియమాన్ని తానే వదులుకున్నాడు. ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

జయపురం: మాస్టారూ, సాధన అంటే ఒట్టి పునరావృత్తి అని ఎవరన్నారు? గురువు పక్కన కూర్చుని దిద్దడం కూడా సాధనే. థారన్‌డైక్ ప్రయోగం వేమనను తాకనే లేదు.

పర్లాకిమిడి: అలా అర్థాన్ని జరుపుకుంటూ పోతే ఆ పాదాన్ని ఏ ప్రయోగమూ కాదనలేదు. ఏం జరిగితే తప్పని ఒప్పుకుంటావో ముందే చెప్పమని 1934లో తత్వవేత్త పాపర్ అడిగింది దీనికే. ‘ధరలోన’ను గణాలు నింపడానికి పెట్టిన మాట అనుకోవద్దు. లోకమంతటికీ వర్తిస్తుందని కవి ఇచ్చిన పూచీ అది.

రాయగడ: అయితే 1966లో మనస్తత్వవేత్త గార్సియా పరీక్షించిన ఎలుకల మాటేమిటి? తియ్యని నీళ్లు తాగాక జబ్బు చేస్తే ఆ రుచిని వదిలేశాయి. వెలుతురు, చప్పుడు తోడుగా తాగిన నీళ్లను మాత్రం జబ్బు చేసినా మానలేదు. కరెంటు షాకు తగిలించినప్పుడు సరిగ్గా తిరగబడింది: వెలుతురు, చప్పుడు ఉన్న నీళ్లను మానాయి, రుచిని మానలేదు. దేనికి దేన్నైనా ఒకేలా ముడిపెట్టవచ్చన్న పాత సిద్ధాంతం అక్కడ దెబ్బతింది. తినేకొద్దీ ఇష్టం పెరుగుతుందని అన్నిటికీ చెప్పలేం.

జయపురం: అది తిండి సంగతి. మొదటి పాదం చూడండి అక్కా, ‘అనగననగ రాగ మతిశయిల్లుచునుండు’. రాగం అంటే అనురాగమే. అర్థం తెలియని మాటలైనా ఎక్కువసార్లు ఎదురైతే జనం వాటిని మంచివిగా ఎంచుతారని 1968లో మనస్తత్వవేత్త జాయన్స్ చూపించాడు. అనేకొద్దీ ఇష్టం పెరగడమంటే ఇదే కదా!

పర్లాకిమిడి: రాగం అంటే సంగీతమే, తమ్ముడూ. ‘అనగ’ అన్నది పాడటానికి చెల్లుతుంది.

జయపురం: పాడటానికి ‘పాడగ’ ఉండగా వేమన ‘అనగ’ ఎందుకంటాడు?