ముందు యాక్సిల్ యూనివర్సల్ జాయింట్లు ఏవి వేయించాలి? నిపుల్ ఉన్నవా, లేనివా, క్రోమోలీవా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాది ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న జీప్, ముందుది డానా 30 అనే మోడల్ యాక్సిల్. ఫుల్ కటింగ్‌లో (స్టీరింగ్ చివరిదాకా తిప్పి) మెల్లగా తిప్పుతుంటే ముందు చక్రాల దగ్గర టిక్ టిక్‌మని శబ్దం వస్తోంది, ఫోర్ వీల్ వేస్తే ఇంకా ఎక్కువ. చక్రం కింద దూరి చూస్తే ఎడమవైపు యూనివర్సల్ జాయింట్ (చక్రం పక్కకి తిరిగినా షాఫ్ట్ దాన్ని తిప్పేలా వంగే కీలు) కప్పు చుట్టూ ఎర్రగా తుప్పు పొడి ఉంది. ఎలాగూ విప్పాలి కాబట్టి రెండు వైపులా మార్చేద్దామని. టైర్లు 33 ఇంచులవి, ముందు లాకర్ (రెండు చక్రాలనీ కలిపి ఒకేలా తిప్పేది) లేదు, కానీ ముందుముందు 35 టైర్లు, లాకర్ రెండూ వేయించే ఆలోచన ఉంది. రోజూ రోడ్డు మీద కూడా ఇదే బండి. కొందరు నిపుల్ (గ్రీజు గన్ పెట్టే చిన్న మూతి) ఉండి గ్రీజు కొట్టుకునేవే తీసుకోమంటారు, కొందరు అవి బలహీనం అంటారు, ఇంకొకాయన క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన గట్టి ఉక్కు) జాయింట్ వేస్తే ఇక జన్మలో విరగదు అంటున్నాడు. అసలు దేన్ని బట్టి ఎంచుకోవాలో ఎవరైనా వివరంగా చెప్తారా?

జవాబు:
బ్రదర్, ఎర్ర పొడి వస్తోందంటే లోపల గ్రీజు పోయి నీడిల్స్ (కప్పు లోపలి సన్నటి సూది బేరింగులు) తుప్పు పట్టి అరిగిపోతున్నట్టే, దాన్ని అలా నడపకండి. కప్పు చెవిలోంచి (షాఫ్ట్ కొసన కప్పుని పట్టుకునే రంధ్రమున్న భాగం) జారిందంటే ఫుల్ కటింగ్‌లో నకుల్‌కి (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం) తగులుతుంది, షాఫ్ట్ చెవులు విరుగుతాయి, బాల్ జాయింట్ దాకా దెబ్బతింటుంది, జాయింట్ ఖర్చుతో పోయేది కాదు.

ముందు ఒక్క సంగతి చెప్పండి, మీ బండికి హబ్ లాక్స్ ఉన్నాయా? టూ వీల్‌లో తిరిగేటప్పుడు చక్రాన్ని షాఫ్ట్ నుంచి విడదీసేవి. అందరూ బలం గురించే మాట్లాడతారు గానీ నన్నడిగితే సగం నిర్ణయం ఈ ఒక్కదాంతో తేలిపోతుంది.

అడిగినవారు:
లేవన్నా. షాఫ్ట్ ఎప్పుడూ చక్రంతో పాటే తిరుగుతుంది.

జవాబు:
అయితే మీ జాయింట్ రాళ్ళల్లో కష్టపడేది కొంచెం, రోడ్డు మీద ఊరికే తిరిగేది బోలెడు. (కొన్ని మోడళ్ళలో ముందు యాక్సిల్ మధ్యలో డిస్‌కనెక్ట్ ఉంటుంది, అది ఉన్నా చక్రం దగ్గరి జాయింట్ తిరగడం ఆగదు.) బాగా ఖరీదైన క్రోమోలీ జాయింట్లలో చాలావాటికి నీడిల్స్ ఉండవు, కంచు బుష్‌లు గానీ లేదా క్రాస్ (జాయింట్ మధ్యలో ప్లస్ గుర్తులా ఉండే ముక్క) నేరుగా కప్పులోనే గ్రీజు మీద తిరగడం గానీ ఉంటుంది. నీడిల్స్ తీసేస్తే ఆ చోటంతా క్రాస్ కొమ్ముని లావు చేసుకోవచ్చు, అందుకే అంత బలం. రాళ్ళల్లో మెల్లగా పాకే బండికి అవి అద్భుతం, హబ్ లాక్ తీసేసి రోడ్డు మీద ఇంటికి పోతాం కాబట్టి అరుగుదల సమస్య లేదు. మీలాగా రోజూ హైవే స్పీడులో తిరిగే బండికి వేస్తే అవి త్వరగా అరుగుతాయి, మాటిమాటికీ గ్రీజు గన్ పట్టుకోవాలి. కాబట్టి మీకు నీడిల్ బేరింగులున్న మంచి సీల్డ్ (నిపుల్ లేని) జాయింటే సరి, క్రాస్ మధ్యలో గ్రీజు దారి కోసం రంధ్రం వేయని గట్టి రకం.

సైజు సంగతి: పాత డానా 30లకి 260 అనే చిన్న సైజు ఉండేది, తర్వాత వచ్చిన వాటికి 297 సైజు, చాలా డానా 44 ముందు యాక్సిళ్ళకీ అదే. స్పైసర్ వాళ్ళ 760 ఆ 297 బదులు పడుతుంది, కొలతలు అవే, కోల్డ్ ఫోర్జింగ్ చేసిన క్రాస్, నిపుల్ ఉండదు. కప్పు వ్యాసం 30.2 మిల్లీమీటర్లు రావాలి, పాతది విప్పాక వెర్నియర్ పెట్టి చూసుకునే కొనండి, ఎందుకంటే పాత బండ్లకి ఎవరో ఎప్పుడో షాఫ్టులు మార్చి ఉంటారు, బండి మోడల్ సంవత్సరం చెప్పి కొంటే తప్పు సైజు వచ్చే అవకాశం ఉంది. డానా 60 అయితే పూర్తిగా వేరే, పెద్ద సైజు. ఈ పేరున్న బ్రాండ్ల డబ్బాల్లో నకిలీలు కూడా దొరుకుతున్నాయి, అధీకృత డీలర్ దగ్గరే తీసుకోండి.

ఇది చదివే మిగతావాళ్ళకి ఒక మాట, టయోటా ల్యాండ్ క్రూజర్ సాలిడ్ యాక్సిల్ మోడళ్ళకీ సుజుకి జిమ్నీకీ చక్రం దగ్గర యూనివర్సల్ జాయింట్ ఉండదు, నకుల్ లోపల సీవీ జాయింట్ (వంగినా ఒకే వేగంతో తిరిగే రకం) ఉంటుంది, ఈ చర్చ వాటికి వర్తించదు.

మరో సభ్యుడు:
నిపుల్ లేనివే మేలు అంటే నేను ఒప్పుకోను. నా బండి ఎక్కువగా వాగుల్లో, బురదలో తిరుగుతుంది. సీల్డ్ జాయింట్ లోపలికి ఒక్కసారి నీళ్ళు దూరాయంటే బయటికి తీసే దారే లేదు, లోపలే ఉండి తుప్పు పట్టిస్తాయి. నిపుల్ ఉంటే ఇంటికొచ్చి గన్‌తో నాలుగు కప్పుల సీళ్ళలోంచీ కొత్త గ్రీజు వచ్చేదాకా కొడతాను, నీళ్ళూ ఇసకా దాంతో పాటే బయటికొచ్చేస్తాయి. చెడిపోకుండా ఉండటం కూడా బలమే కదా.

జవాబు:
మీ వాడకానికి మీరు చేస్తున్నది కరెక్టే అన్నా, కానీ దానికో షరతుంది, నీళ్ళలో దిగిన ప్రతిసారీ గ్రీజు కొట్టాలి. చాలామంది నిపుల్ ఉన్నది వేయించి ఆ తర్వాత దాని మొహమే చూడరు, అప్పుడు క్రాస్‌లో రంధ్రం వల్ల పోయిన బలమూ పోయింది, గ్రీజు లాభమూ రాలేదు. వేయించేటప్పుడు నిపుల్ ఎటువైపు ఉందో కూడా చూడాలి, బండి ముందుకు లాగేటప్పుడు నిపుల్ ఉన్న మూల మీద సాగదీసే బలం కాకుండా నొక్కే బలం పడాలి, లేకపోతే పగులు అక్కడే మొదలవుతుంది. నిపుల్ కప్పు చివర ఉండే రకాలు కూడా ఉన్నాయి, క్రాస్ నడి మధ్యలో నిపుల్ గుంట ఉండదు కాబట్టి అవి కొంత మేలు.

అడిగినవారు:
బాగా అర్థమైంది. మరి లాకరు, 35 టైర్లు వేశాక కూడా ఈ సీల్డ్ జాయింట్ సరిపోతుందా, లేక ఇప్పుడే పెద్దదానికి పోతే డబ్బు ఆదా అవుతుందా?

జవాబు:
ఇక్కడ కొంచెం లెక్క చూడాలి, ఓపికగా చదవండి.

ఇంజిన్ టార్క్ 240 న్యూటన్ మీటర్లు అనుకుందాం, గేరు నిష్పత్తులు ఫస్ట్ గేరు 4.0, లో రేంజ్ 2.72, యాక్సిల్ 4.10. అన్నీ గుణిస్తే 10,700 దాటుతుంది. అంత బలం జాయింట్ మీద పడుతుందని చాలామంది భయపడతారు గానీ పడదు, ఎందుకంటే అంతకన్నా ముందే టైరు జారిపోతుంది. చక్రం మీద 550 కిలోల బరువు ఉండి రాయి మీద పట్టు పూర్తిగా దొరికిందనుకున్నా, 33 టైరు బరువుకి నొక్కుకున్నాక వ్యాసార్ధం సుమారు 0.40 మీటర్లు, అంటే టైరు పట్టు విడవకుండా షాఫ్ట్ మీద వచ్చేది 2,150 దాకానే. టైరు పెద్దదైతే అదే నిష్పత్తిలో ఇది పెరుగుతుంది. లాకర్ లేనప్పుడు ఒక చక్రం జారితే రెండో దానికీ అంతే బలం వెళ్తుంది కాబట్టి జాయింట్ చాలావరకు బతికిపోతుంది. లాకర్ పడ్డాక పట్టున్న ఒక్క చక్రానికే యాక్సిల్ బలమంతా పోగలదు. ఆ చక్రం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుందనుకోండి, ఇక జారడానికి వీలే లేదు, అప్పుడు పై లెక్క పనికిరాదు, ఏది బలహీనమైతే అది విరుగుతుంది.

రెండోది కోణం. యూనివర్సల్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు అవతలి షాఫ్ట్ ఒకే వేగంతో తిరగదు, ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. 30 డిగ్రీల దగ్గర ఆ తేడా 0.87 నుంచి 1.15 రెట్లు, 35 దగ్గర 0.82 నుంచి 1.22 రెట్లు, 40 కి వచ్చేసరికి 0.77 నుంచి 1.31. టార్క్ కూడా అలాగే ఊగుతుంది. ఫుల్ కటింగ్‌లో స్టీరింగ్ కొట్టుకుంటున్నట్టు అనిపించేది దీనివల్లే. జాయింట్లు విరిగే ఘటనల్లో ఎక్కువ భాగం ఇలాగే, ఫుల్ కటింగ్‌లో ఇరుక్కున్నప్పుడు యాక్సిలేటర్ గట్టిగా తొక్కడం, లేదా చక్రం గాల్లో గిర్రున తిరిగి టక్కున నేల పట్టుకోవడం. స్టీరింగ్ ఒక పావు వంతు వెనక్కి తిప్పి అప్పుడు మెల్లగా తొక్కితే చాలా జాయింట్లు బతుకుతాయి. పెద్ద టైర్లు వేసినప్పుడు స్టీరింగ్ స్టాప్ బోల్టులు కూడా చూసుకోండి, చెవులు ఒకదానికొకటి తగిలేంత కోణం రాకూడదు.

ఇప్పుడు మీ ప్రశ్న. కంపెనీ షాఫ్ట్ చెవుల్లో క్రోమోలీ జాయింట్ వేస్తే మొదట చెవులే సాగుతాయి, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి కప్పు వదులై తిరగడం మొదలవుతుంది, అంత ఖరీదైన జాయింటూ పోతుంది. అందుకే జాయింటు, షాఫ్టు కలిపే మార్చాలి, 4340 రకం క్రోమోలీ షాఫ్టులు, వాటికి మంచి 760 జాయింట్లు, నా సలహా ఇదే. డానా 30లో అంతకన్నా బలమైన జాయింట్ పెడితే విరిగే చోటు లోపలికి, యాక్సిల్ మధ్యలోని క్రౌన్ పినియన్ గేర్ల వైపు జరుగుతుంది, అది దారిలో విప్పి బాగుచేసుకునేది కాదు. జాయింట్ విరిగితే మాత్రం అక్కడికక్కడే షాఫ్ట్ మార్చి బయటపడొచ్చు. ఇప్పటికి మామూలు సీల్డ్ జాయింట్లు వేయించండి, లాకర్ పెట్టే రోజున షాఫ్టులు మార్చండి.

అడిగినవారు:
కప్పులు జారకుండా చెవికి చిన్న వెల్డింగ్ చుక్కలు పెట్టిస్తారని విన్నా, అది చేయించనా?

మరో సభ్యుడు:
రోజూ తిరిగే బండికి వద్దు. వేడికి సీలు కాలుతుంది, లోపలి గ్రీజు పాడవుతుంది, రేపు మార్చాలంటే గ్రైండర్ పెట్టాలి. దానికన్నా చుట్టూ పూర్తిగా పట్టే రింగు క్లిప్పులు పెట్టుకునేలా చేసిన షాఫ్టులు దొరుకుతాయి, మామూలు సీ క్లిప్పులు ఫుల్ కటింగ్‌లో చెవి తగిలితే ఎగిరిపోతాయి, ఇవి అలా ఊడవు. లాకర్ కోసం షాఫ్ట్ కొనేటప్పుడు ఈ రకమేనా అని అడగండి.

జవాబు:
అవును, వెల్డింగ్ పోటీ బండ్ల పని. ఇంక బిగించేటప్పుడు జాగ్రత్తలు చెప్తాను, మెకానిక్ దగ్గర నిలబడి చూడండి. సుత్తితో కొట్టి దించనివ్వొద్దు, బెంచ్ వైస్‌తోనో బాల్ జాయింట్ ప్రెస్‌తోనో నెమ్మదిగా నొక్కాలి. నొక్కేటప్పుడు క్రాస్ కొమ్ముని సగం కప్పులోకి పెట్టి పట్టుకుంటే నీడిల్స్ పడిపోవు. కప్పు దాదాపు దిగింది గానీ క్లిప్ మాత్రం గాడిలో కూర్చోవడం లేదంటే ఒక నీడిల్ అడ్డంగా పడి కప్పు అడుగున ఉన్నట్టే, గట్టిగా నొక్కకుండా మళ్ళీ బయటికి తీసి చూడాలి. క్లిప్పులన్నీ పడ్డాక జాయింట్ బిగుసుకుని ఉంటే చెవుల మీద మెత్తటి సుత్తితో తేలిగ్గా తడితే కప్పులు క్లిప్పుల మీదకి వెనక్కి జరిగి కుదురుకుంటాయి, చేత్తో ఆడిస్తే ఎక్కడా పట్టకుండా తిరగాలి. షాఫ్ట్ లోపలికి పెట్టేటప్పుడు దాని బరువు ఆయిల్ సీల్ మీద పడకుండా ఎత్తి పట్టుకుని తోయాలి, లేకపోతే సీల్ చిరిగి గేరాయిల్ కారుతుంది. హబ్ నట్టు టార్క్ మీ మాన్యువల్‌లో ఉన్నంతే, అందాజాగా వద్దు.

అడిగినవారు:
థాంక్స్ అన్నా, రెండు వైపులా 760 లే తీసుకుంటున్నా. పాత షాఫ్టులు పడేయనా, ఉంచనా?

జవాబు:
చెవుల రంధ్రాలు ఎన్ని దిక్కుల కొలిచినా ఒకే కొలత వస్తే, కొత్త కప్పు చేత్తో దిగిపోకుండా నొక్కితేనే దిగుతుంటే, ఇప్పుడవే వాడండి. చేత్తో వదులుగా దిగితే ఆ షాఫ్ట్ పని అయిపోయినట్టే. లాకర్ రోజున క్రోమోలీ షాఫ్టులు వేశాక ఇవి పారేయకండి, జాయింట్ ఎక్కించి ఎడమకి ఒకటీ కుడికి ఒకటీ సిద్ధంగా బండిలో పెట్టుకోండి, రెండు వైపుల లోపలి షాఫ్టుల పొడవు వేరు కాబట్టి ఏది ఎటో పెయింట్‌తో రాసి ఉంచండి. దారిలో జాయింట్ నొక్కుతూ కూర్చునే కంటే మొత్తం షాఫ్ట్ మార్చడం చాలా తొందరగా అయిపోతుంది. ఇప్పుడు వేసిన వాటికి మొదటి వారం తిరిగాక ఒకసారి కింద దూరి ఎనిమిది క్లిప్పులూ గాడిలోనే ఉన్నాయో లేదో చూడండి.