పూసపాటిరేగలో ఇంటి మీద హామ్ రేడియో టవర్ వేద్దామనుకుంటున్నా, తుపానుకి ఆగుతుందా?

రేగ_కుర్రోడు:

అందరికీ నమస్తే. హామ్ (సరదాకి సొంత రేడియో స్టేషన్ నడుపుకునే) లైసెన్సు ఈమధ్యే వచ్చింది, రిస్ట్రిక్టెడ్ గ్రేడు, అంటే మొదటి మెట్టు. మాది పూసపాటిరేగ మండలం, సముద్రం దగ్గరే, ఉప్పుగాలికి కిటికీ చువ్వలు ఎన్నిసార్లు రంగేసినా తుప్పే. ఇల్లు గ్రౌండ్ ప్లస్ వన్, పైన ఇంకో అంతస్తు వేద్దామని పిల్లర్ చువ్వలు అలాగే వదిలేశాం. డాబా మీద ఒక 40 అడుగుల టవరు వేసి పైన టూ మీటర్ బ్యాండ్‌కి యాగీ (పాత టీవీ యాంటెన్నాలా పుల్లలుండేది), దానికింద 40 మీటర్ బ్యాండ్‌కి డైపోల్ (రెండు వైపులా చాచిన తీగ యాంటెన్నా) కట్టాలని నా ప్లాను. విజయనగరంలో ఒక వెల్డింగ్ షాపాయన మూడు కాళ్ళ లాటిస్ (అడ్డ కడ్డీల అల్లిక) టవర్ చేసిస్తానంటున్నాడు, స్లాబుకి యాంకర్ బోల్టులు కొట్టేస్తే చాలు, చుట్టూ తీగలు కూడా అక్కర్లేదు అంటున్నాడు. నాన్న మాత్రం హుద్‌హుద్ తుపాను చూసిన మనిషి, "ముందు అది ఊడితే ఎవరి నెత్తిన పడుతుందో చెప్పు" అంటున్నారు, దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకో విషయం, ఇంటి ముందు రోడ్డు వెంబడి 11 కేవీ కరెంటు లైను పోతుంది. వెనకాల పెరడు ఉంది, పొడుగ్గా ఖాళీగానే ఉంటుంది. లాటిస్ మంచిదా పైపు మంచిదా, ఎర్తింగ్ ఎలాగ, పర్మిషన్లు ఏం కావాలి, తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ఉద్దానం_7మెగా:

లైసెన్సు వచ్చినందుకు కంగ్రాట్స్ తమ్ముడూ. మాది సోంపేట వైపు, కొబ్బరితోటల మధ్యన. మీ నాన్నగారు అడిగిందే అసలు ప్రశ్న, లాటిస్సా పైపా అన్నది దాని తర్వాత. మన తీరంలో టవరు వేసేవాడు ముందు ఒకటే చూసుకోవాల, తుపాను వస్తంది అన్న కబురు తెలిసేక నువ్వూ ఇంకో మనిషీ కలిసి పొద్దుండగానే దాన్ని కిందకి దించగలరా లేదా. దించగలిగితే ఎంతైనా వెయ్యి, దించలేనిది ఎంత గట్టిదైనా వెయ్యకు.

2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది కదా, గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి, మధ్యమధ్యలో 165 దాకా. కాపుకొచ్చిన కొబ్బరిచెట్లే మొదలంటా పడిపోనాయి, కరెంటు స్తంభాలు వరసపెట్టి వంగిపోనాయి. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతాది, అంటే మామూలు 40 కిలోమీటర్ల గాలికీ 160కీ మధ్యన ఇనుము మీద పడే బలం పదహారింతలు. బిల్డింగుల డిజైనుకి వాడే ఐఎస్ 875లో విశాఖకి ఇచ్చిన వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు, ఆ గాలికి చదరపు మీటరుకి సుమారు 150 కిలోల తోపుడు. తీగల్లేని టవర్‌కి ఆ బలమంతా పైనుంచి మీట వేసినట్టు నీ స్లాబు మీదున్న బోల్టుల దగ్గరకి వొచ్చీస్తాది. టవరు విరగదు, స్లాబు పెచ్చుతో సహా బోల్టులు ఊడొస్తాయి. ఊడిన టవరు ఎటు పడుతుందంటే ముందున్న 11 కేవీ మీదకి కూడా పడొచ్చు. షాపాయన మాట ఒగ్గేయ్.

నువ్వు చెయ్యాల్సింది నాకు తోచింది ఇది. డాబా మీద కాదు, పెరట్లో ఇంటి గోడ పక్కన నేల మీద నుంచి లేపు. 2 అంగుళాల బి క్లాస్ జీఐ పైపు (నీలం గీత ఉంటాది, పసుపు గీతది ఎ క్లాసు, అది వొద్దు), మొత్తం 36 అడుగులు. అడుగున కాంక్రీట్ దిమ్మ పోసి హింజ్ (మడత బందు) పెట్టు, స్లాబు బీము దగ్గర గోడకి ఒక బ్రాకెట్, పైపుని అందులో బోల్టుతో బిగించడమే. దించాలంటే ఆ బోల్టు తీసి పెరట్లోకి వాల్చేయడం. లేపడానికి వేరే కర్ర అక్కర్లేదు, నీ డాబాయే ఉంది కదా, పిల్లర్ చువ్వలకి చిన్న దిమ్మ పోసి దానికి హ్యాండ్ వించ్ (చేత్తో తిప్పి తాడు లాగే చక్రం) బిగించి, అక్కడినుంచి పైపు మీద 20 అడుగుల దగ్గరకి వైర్ రోప్ కట్టు. పైపు 55 కిలోలు, యాంటెన్నా 5 కిలోలు అనుకో, పైపు నేలమీద పడుకుని ఉన్నప్పుడు రోప్ మీద లాగుడు 80, 90 కిలోలొస్తాది, లేచేకొద్దీ తగ్గిపోతాది. 500 కిలోల వించ్ పెట్టుకుంటే బెంగుండదు. మొదటిసారి లేపేటప్పుడు మాత్రం బోరు మోటార్లు తీసే కుర్రోళ్ళని ఇద్దర్ని పిలు, పైపు ఎటు తూలితే ఎటు పట్టుకోవాలో వాళ్ళకి చెప్పక్కర్లేదు.

పైపుల్ని సాకెట్ మరలతో కలపొద్దు. మర తీసినచోట పైపు మందం తగ్గిపోతాది, వంగుడు వస్తే సరిగ్గా అక్కడే తెగుతాది. బయట నుంచి రెండడుగుల స్లీవు తొడిగి అడ్డంగా బోల్టులు వేయించు.

స్టేవైరు:

పైన గురువు గారు చెప్పింది కరెక్టు. నేను లైన్ల పనిలోనే చేశాను కాబట్టి తీగల సంగతి చెప్తా బాబూ. 36 అడుగుల పైపుకి 20 దగ్గర బ్రాకెట్ ఉన్నా పై 16 అడుగులు గాలికి ఊగుతూనే ఉంటుంది, యాగీకి కాస్త కింద మూడు దిక్కులా స్టే (లాగి కట్టే తీగ) వేయి. డాబా వైపు రెండూ పిల్లర్ చువ్వల దిమ్మలకి కట్టు. పిట్టగోడకి మాత్రం కట్టొద్దు, చాలామంది చేసేది అదే, అది ఒంటి ఇటుక గోడ, పక్కకి లాగితే నిలవదు. పెరటి వైపుది నేలలోకి దిగాలి, మీది ఇసక నేల అయితే ఊరికే రాడ్డు దిగ్గొడితే పట్టదు, మేం స్తంభాలకి వేసినట్టు స్టే రాడ్డు అడుగున ప్లేటు పెట్టి గోతిలో కాంక్రీటుతో పూడ్చాలి. ప్రతి తీగకీ మధ్యలో ఎగ్ ఇన్సులేటర్ (కరెంటు పారకుండా ఆపే గుడ్డులాంటి బిళ్ళ), కింద టర్న్‌బకిల్ (తిప్పి తీగ బిగించే మర). బిగించాక టర్న్‌బకిల్ కంటిలోంచి తీగ ముక్క తిప్పి కట్టెయ్, లేకపోతే గాలికి కదిలి కదిలి అదే వదులైపోతుంది. క్లాంపు వేసేటప్పుడు యు బోల్టు వంపు చివరి ముక్క మీద పడాలి, బరువు మోసే తీగ మీద సాడిల్ (క్లాంపు రెండో సగం) ఉండాలి, తిరగేసి వేస్తే బరువు మోసే తీగే నలిగిపోతుంది.

11 కేవీ గురించి ఒక్కటే మాట. పైపు, దాని మీద యాంటెన్నా, వేలాడే వైరు, ఏది ఎటు పడినా లైనుకి అందకూడదు. పడుకోబెట్టి కొలిచి చూసుకో, ఎత్తుకి ఒకటిన్నర రెట్లు దూరం ఉంటే నిశ్చింత. డైపోల్ వైరు కూడా రోడ్డు వైపు లాగొద్దు. లేపే రోజు గాలి ఉంటే పని ఆపెయ్. ఎప్పుడైనా నిచ్చెనెక్కి పని చేయాల్సొస్తే నడుముకి తాడు చుట్టుకోవడం కాదు, ఫుల్ బాడీ హార్నెస్ వేసుకో, తాడుతో వేలాడితే నడుం పోతుంది.

రేగ_కుర్రోడు:

చాలా థ్యాంక్స్ గురువు గారూ, మాస్టారూ. పెరడు 45 అడుగులు పైనే ఉంది, వాల్చడానికి సరిపోతుంది. కానీ ఒక్క డౌటు, డాబా మీద 40 అడుగులంటే నేల నుంచి 60 పైనే అయ్యేది, ఇప్పుడు 36కి దిగిపోతే రేంజి బాగా పడిపోదా? శ్రీకాకుళం, విశాఖ వాళ్ళతో మాట్లాడాలని ఆశ.

బొబ్బిలి_వీణ:

తమ్ముడూ నువ్వు భయపడేంత పోదు. వీహెచ్‌ఎఫ్‌కి, అంటే నీ టూ మీటర్ బ్యాండ్‌కి, రేడియో చూపు కిలోమీటర్లలో ఎంతంటే ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణించు. 36 అడుగులు అంటే 11 మీటర్లు, సుమారు 13, 14 కిలోమీటర్లు వస్తుంది. 60 అడుగులకి, అంటే 18 మీటర్లకి, 17, 18 కిలోమీటర్లు. అవతల వాడి ఎత్తు కూడా కలుస్తుంది అనుకో. అంటే ఎత్తు ఒకటిన్నర రెట్లకి పైగా పెంచినా నీకు కలిసొచ్చేది నాలుగు కిలోమీటర్లు. ఆ నాలుగు కోసం స్లాబు చిల్లులు పెట్టుకుని లీకేజీ తెచ్చుకుంటావా? దానికన్నా కేబుల్ మీద పెట్టు డబ్బులు. ఆర్‌జి-58 సన్న కేబుల్ 30 మీటర్లు వేస్తే 145 మెగాహెర్ట్జ్ దగ్గర నీ పవర్ సగానికి పైగా దారిలోనే పోతుంది, ఆర్‌జి-213 అయినా వేసుకో.

హెచ్‌ఎఫ్‌కి, అంటే నీ 40 మీటర్ బ్యాండ్‌కి అయితే తక్కువ ఎత్తే మనకి లాభం. 7.1 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ పొడవు 143ని 7.1తో భాగిస్తే 20 మీటర్లు, నడిమి భాగం పైపుకి కట్టి రెండు చివరలూ కిందకి దింపి ఇన్వర్టెడ్ వీ చేయి, చివరలు మనిషికి అందనంత ఎత్తులో ఉంచు. 10 మీటర్ల ఎత్తులో అది సిగ్నల్‌ని ఎక్కువగా నెత్తి మీదకి పంపిస్తుంది, పైన అయనో ఆవరణం నుంచి తిరిగి పడి పగటిపూట మన ఆంధ్రా, తెలంగాణ, ఒడిశా అంతా కప్పేస్తుంది. తుపాను తర్వాత సెల్ టవర్లు పడిపోయినప్పుడు కావాల్సింది సరిగ్గా ఇదే, అమెరికా కాదు. పైగా పైపు దించేసినా వైరు ఒక్కటీ సరుగుడు కర్ర మీద లేపి అరగంటలో మళ్ళీ ఎయిర్ మీదకి రావచ్చు. తుపాను ముందు దించడం అంటే స్టేషన్ మూసుకోవడం కాదు, తుపాను పోయిన మర్నాడు మాట్లాడటానికి సామాను దాచుకోవడం. ఈ మాట గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే హుద్‌హుద్ తర్వాత మన జిల్లాల్లో కరెంటూ ఫోన్లూ లేక జనం ఎంత అల్లాడిపోయారో మీ నాన్నగారికి తెలుసు.

పర్మిషన్ సంగతి. మీకు భోగాపురం ఎయిర్‌పోర్టు పక్కనే, కాబట్టి ఎత్తు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలర్ కోడెడ్ జోనింగ్ మ్యాపుల్లో మీ స్థలం ఏ రంగులో ఉందో చూడు, వాళ్ళు ఎత్తు లెక్కేసేది సముద్రమట్టం నుంచి, యాంటెన్నా కొసతో కలిపి. వైర్‌లెస్ మాస్టుల (యాంటెన్నా స్తంభాల) సైట్ క్లియరెన్సు సాక్ఫా అనే కేంద్ర కమిటీ చూస్తుంది, పైపు కొనకముందే రాసి అడుగు. పంచాయతీలో కూడా ఒక కాయితం పెట్టు. పక్కింటివాళ్ళు సెల్ టవరనుకుని రేడియేషన్ అని గొడవ చేస్తారు, అది అన్ని ఊళ్ళలోనూ ఉంది, లేపే ముందే లైసెన్సు చూపించి ఒకసారి వాళ్ళని కూర్చోబెట్టి రేడియో వినిపించు.

గాలిమర:

మీరంతా మరీ భయపెడుతున్నారు. మాకు తెలిసినవాళ్ళది లాటిస్ టవరే, తీగలు కట్టారు, హుద్‌హుద్‌కి ఏం కాలేదు. మంచి ఫ్యాబ్రికేషన్, హాట్ డిప్ గాల్వనైజింగ్ ఉంటే లాటిస్‌ని మించింది లేదు.

ఉద్దానం_7మెగా:

తీగలున్న లాటిస్ గట్టిదే సోదరా, కాదన్ను. కానీ ఆ టవరు ఎక్కి యాంటెన్నా విప్పే మనిషెవరు, తుపాను హెచ్చరిక రోజున ఎవడూ ఎక్కడు. వాతావరణశాఖ సైక్లోన్ అలర్ట్ 48 గంటల ముందు ఇస్తాది, వార్నింగ్ 24 గంటల ముందు. అలర్ట్ రోజే దించీయాల, వార్నింగ్ దాకా ఆగితే అప్పటికే గాలి మొదలైపోవచ్చు. కొత్తగా మొదలెట్టే కుర్రోడికి వాల్చే పైపే నయం.

ఇక ఉప్పుగాలి తమ్ముడూ, మనకి తుపాను కన్నా రోజూ తినేసేది అదే. అల్యూమినియం యాగీకి రాగి తీగ నేరుగా బిగించకు, తేమ తగిలితే అల్యూమినియం బూడిదైపోతాది, మధ్యన స్టెయిన్‌లెస్ వాషర్ వేసి పైన గ్రీజు పుయ్యి. నట్లూ బోల్టులూ స్టెయిన్‌లెస్‌లో 316 దొరికితే 316. వెల్డింగ్ చేసినచోట జింకు కాలిపోయుంటాది, తుప్పు మొదలయ్యేది అక్కడే, గీకి జింక్ రిచ్ పెయింటు రెండు కోట్లు వెయ్యి. కేబుల్ కనెక్టరుకి సెల్ఫ్ అమాల్గమేటింగ్ (తనకి తానే అతుక్కుపోయే) టేపు సాగదీసి కింద నుంచి పైకి చుట్టు, ఒక్కో చుట్టూ కింద చుట్టు మీద పడితే నీళ్ళు జారిపోతాయి, దాని మీద మామూలు నల్లటేపు. కేబుల్ ఇంట్లోకి వచ్చేముందు కిందకి ఒక వంపు తిప్పి ఒగ్గేయ్, నీళ్ళు అక్కడే కారిపోతాయి. సెప్టెంబరులో ఒకసారి పూర్తిగా వాల్చి బోల్టులూ తీగలూ చూసుకో. తీగలో ఒక్క పోగు తెగినా ఆ తీగ మొత్తం మార్చీ. హింజ్ పిన్ను తీసి గ్రీజు పెట్టు, లేకపోతే కావల్సిన రోజున అది పట్టేసుంటాది.

పిడుగులకి, పైపు అడుగున ఎర్త్ రాడ్, దాన్ని ఇంటి కరెంటు ఎర్తింగ్‌తో బయటే మందపాటి రాగి పట్టీతో కలుపు, రెండూ విడివిడిగా ఉంచితే తేడా వోల్టేజీ అంతా నీ రేడియోలోంచి పోతాది. కేబుల్ గోడలోంచి లోపలికొచ్చే చోట అరెస్టర్ (పిడుగు కరెంటుని నేలలోకి మళ్ళించేది). అవన్నీ ఉన్నా ఉరుము వినబడితే కేబుల్ పీకి కిటికీ బయట పెట్టేయాల. మనకి వేసవిలో సాయంకాలం పూట పిడుగులెక్కువ, విపత్తుల సంస్థ ఫోన్లకి మెసేజీలు పంపిస్తంది, అది చూసేక ఆలస్యం చెయ్యకు.

రేగ_కుర్రోడు:

అర్థమైంది అన్నా. నాన్నకి ఇదంతా చదివి వినిపించా, పెరట్లోకి వాల్చేది అయితే సరే అన్నారు. ముందు మ్యాపు చూసి సాక్ఫాకి రాస్తా, పైపు తర్వాత. ఒకటే మిగిలింది, హింజ్ దిమ్మ గోడకి ఎంత దూరంలో పోయాలి? పునాది దెబ్బతినకూడదు కదా.

స్టేవైరు:

మీ ఇంటి ఫుటింగ్ (పునాది అడుగు భాగం) గోడకన్నా బయటకి వచ్చి ఉంటుంది, ముందు మెల్లగా గొయ్యి తవ్వి అది ఎక్కడిదాకా ఉందో చూడు. దిమ్మ దాని మీద కూర్చోకూడదు, తగిలి కూడా ఉండకూడదు, దాని అంచు దాటాకే పొయ్యి. అందువల్ల బ్రాకెట్ కొంచెం పొడుగవుతుంది, పర్లేదు, యాంగిల్‌తో వాలు సపోర్టు ఇప్పించు. బ్రాకెట్‌ని ఇటుక గోడకి కొట్టొద్దు, బీములోకే. గొయ్యి తవ్వాక ఫోటో పెట్టు బాబూ, చూసి చెప్తాను.